పాటల పంచాంగకర్తలు

రేపటి పాప్ స్టార్ ఎవరో ఇవాళే చెప్పెయ్యొచ్చట. స్ట్రీమింగ్ లెక్కలు, రీల్స్ లెక్కలు ముందేసుకుని కూర్చుంటే చాలట. చెవులతో పెద్దగా పనిలేదట. ఈమధ్య సంగీతం గురించి నలుగురు మాట్లాడితే ఒకరు ఈ మాట అనడం, మిగతా ముగ్గురూ తలూపడం మామూలైపోయింది. లండన్‌లో చదువుకుంటున్న మా బంధువుల కుర్రాడొకడు ఇంకో మెట్టు పైకెక్కాడు. బీబీసీ వాళ్లు 2025 జనవరిలో ‘ఈ ఏడాది గొంతు’గా చాపెల్ రోన్‌ని ప్రకటించారనీ, నెల తిరగకుండా ఆమెకు కొత్త కళాకారుల గ్రామీ వచ్చిందనీ, జోస్యమంటే అలా ఉండాలనీ నాకు ఫోన్లో పాఠం చెప్పాడు.

వాడికి అప్పుడు చెప్పనిది ఇక్కడ చెబుతాను. ఆమె ఆల్బమ్ వచ్చింది 2023 సెప్టెంబరులో. 2024 ఆగస్టుకల్లా అది బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. ఆ వేసవిలో అమెరికా సంగీతోత్సవాల్లో ఆమె వేదిక ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. అదంతా అయ్యాక నిపుణులు గొంతు సవరించుకుని, ఈ అమ్మాయి పైకొస్తుందని సెలవిచ్చారు! నిజంగా జోస్యం కావలసిన రోజు 2020లో ఉంది. ఆ ఏడాది అట్లాంటిక్ రికార్డ్స్ ఆమెను వదిలించుకుంది. ఆమె మిస్సోరిలో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లిపోయి చిన్నాచితకా పనులు చేసుకుంది. అప్పటికే ఆమె చేతిలో ‘పింక్ పోనీ క్లబ్’ పాట ఉంది. ఐదేళ్ల తర్వాత బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది ఆ పాటే. పాట మారలేదు, గొంతు మారలేదు. లెక్కలు చూసేవాళ్ల కళ్లు ఎక్కడున్నాయి మరి?

ఈ బీబీసీ జాబితా 2003 నుంచి ఏటా వస్తోంది. విమర్శకులు, రేడియో వాళ్లు, పరిశ్రమ మనుషులు ఓట్లు వేసి తేలుస్తారు. 2005లో వాళ్లు మొదటి స్థానం ఇచ్చింది న్యూయార్క్ బృందం ది బ్రేవరీకి. ఆ పేరు ఇవాళ ఎంతమందికి తెలుసు? అదే ఏడాది షెఫీల్డ్‌లో కొందరు కుర్రాళ్లు తమ కచేరీల్లో పంచిపెట్టిన పాటలను అభిమానులు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చేరవేసుకుంటున్నారు. అక్టోబరులో ఆ ఆర్కిటిక్ మంకీస్ తొలి సింగిల్ నంబర్ వన్‌గా దిగింది. మరుసటి ఏడాది జనవరిలో వాళ్ల ఆల్బమ్ మొదటి వారంలోనే 3,63,735 కాపీలు అమ్ముడుపోయింది. 2005 జాబితాలో వాళ్ల ఊసే లేదు. 2009లో మొదటి స్థానం లిటిల్ బూట్స్‌ది. మొదటి ఐదుగురిలో చోటు దొరకనిది ఎవరికనుకున్నారు? లేడీ గాగాకి. ఆ జనవరిలోనే ఆమె ‘జస్ట్ డాన్స్’ అట్లాంటిక్‌కి రెండు వైపులా మొదటి స్థానంలో మోగుతోంది. 2011లో పదిహేను పేర్లు వడపోశారు. ఎడ్ షీరన్ అందులో లేడు. ఏడాది తిరక్కుండా అతని ఆల్బమ్ నంబర్ వన్.

‘అడెల్‌ని ముందే పట్టారు కదా’ అంటారు. పట్టారు, 2008లో. ఇంత పెద్ద వల వేస్తే ఒక్క చేపైనా పడకుండా ఉంటుందా? అసలు నా కోపం తప్పుల మీద కాదు, ఒప్పుల మీద. ఓటు వేసినవాడే పత్రికలో వ్యాసం రాస్తాడు. ఓటు వేసినవాడే రేడియోలో పాట వేస్తాడు. జాబితా ప్రకటించేదీ, పొద్దున్నుంచి రాత్రిదాకా పాటలు మోగించేదీ ఒకే సంస్థ. లేబుల్ వాళ్లేమో పేరు వచ్చిందని తెలియగానే డబ్బంతా ఆ ఒక్కరి మీద కుమ్మరిస్తారు. ఇక ఆ మనిషి పాట నాలుగు చోట్ల వినబడకుండా ఎలా ఉంటుంది? ముందు గెలిపించి, తర్వాత ‘చెప్పామా లేదా’ అని మీసం మెలెయ్యడాన్ని జోస్యం అనకండి. ప్రచారం అనండి, నాకు పేచీ లేదు.

మన ఉగాది పంచాంగం ఇంతకంటే నిజాయితీ గలది. ఆదాయం పక్కన వ్యయం చెబుతుంది, రాజపూజ్యం పక్కన అవమానం చెబుతుంది. ఈ జనవరి పంచాంగంలో ఆదాయమూ రాజపూజ్యమూ మాత్రమే ఉంటాయి. వ్యయం, అవమానం కళాకారుడి సొంత ఖాతా. 2016లో జాక్ గారట్ అనే కుర్రాడికి బీబీసీ కిరీటం, బ్రిట్ అవార్డుల విమర్శకుల బహుమతి ఒకేసారి వచ్చాయి. అంతకుముందు ఆ రెండూ కలిసి వచ్చింది అడెల్, ఎలీ గౌల్డింగ్, జెస్సీ జె, సామ్ స్మిత్‌లకే. తొలి ఆల్బమ్ మూడో స్థానానికి వెళ్లింది. ఇంకొకరికైతే ఊరంతా పండగ. అతనికి మాత్రం అది నిరాశగా లెక్క కట్టారు, అడెల్ కాలేదు కాబట్టి. రెండో ఆల్బమ్ రావడానికి 2020 దాకా పట్టింది. ఆ పోలిక అతను అడిగి తెచ్చుకున్నాడా?

డేటా భక్తులకు ఒక ప్రయోగం గుర్తు చేస్తాను. కొలంబియా విశ్వవిద్యాలయంలో డంకన్ వాట్స్, అతని సహచరులు 14,341 మందికి ఊరూపేరూ తెలియని బృందాల పాటలు 48 వినిపించారు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. కొందరికి ఇతరులు ఏ పాట ఎన్నిసార్లు డౌన్‌లోడ్ చేసుకున్నారో కనబడదు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడగొట్టి, తమ గుంపు లెక్కలు మాత్రం కనబడేలా పెట్టారు. 52మెట్రో అనే బృందం పాట ఒక గుంపులో మొదటిది, ఇంకో గుంపులో నలభయ్యోది! అలాంటి చెవులే, అదే పాట. మొదట విన్న నలుగురు ఎటు మొగ్గితే వెనకవాళ్లు అటే. మరీ మంచి పాట అడుగుకు పోవడం, మరీ చెత్త పాట పైకి రావడం అరుదే, ఒప్పుకుంటాను. ఆ మధ్యలో ఉన్న పాటలకు మాత్రం ఏదైనా జరగొచ్చు. మరి రేపటి తొలి నలుగురు శ్రోతలు ఏ మూడ్‌లో ఉంటారో ఏ డాష్‌బోర్డు చెబుతుంది?

పాట నాడి పట్టి హిట్టో ఫట్టో చెప్పే సాఫ్ట్‌వేర్లు ఇరవయ్యేళ్లుగా వస్తూ పోతూ ఉన్నాయి. అవి నిజంగా పనిచేస్తే అమ్మేవాళ్లు వాటిని అమ్మరు, వాళ్లే లేబుల్ పెట్టుకుంటారు.

మనమేం తక్కువ తినలేదు. 2005లో ‘ఫేమ్ గురుకుల్’ అనే టీవీ పోటీ నుంచి అరిజిత్ సింగ్ ఫైనల్‌కి రాకుండానే ఇంటికి పోయాడు. ‘తుమ్ హీ హో’ రావడానికి 2013 దాకా ఆగాల్సొచ్చింది. ఆ ఎనిమిదేళ్లూ అతను ఇతరుల స్టూడియోల్లో పని నేర్చుకున్నాడు. ఆ మాట ఎవరూ ఎత్తరు, ‘ఆ కళ్లల్లో మెరుపు అప్పుడే చూశాను’ అనేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

ఇక్కడ డిక్ రోని ఈడ్చుకొస్తారని తెలుసు. 1962 జనవరి 1న డెక్కా స్టూడియోలో బీటిల్స్ పాడితే, వాళ్లను కాదని బ్రయన్ పూల్ బృందాన్ని తీసుకున్న సంస్థలో పెద్దమనిషి. అరవయ్యేళ్లుగా వెక్కిరిస్తున్నారు పాపం. ఆ బ్రయన్ పూల్ బృందానికీ 1963లో నంబర్ వన్ వచ్చిందని ఎవరూ చెప్పరు. అదే ఏడాది జార్జ్ హారిసన్ మాట విని రో రోలింగ్ స్టోన్స్‌ని తీసుకున్నాడు. తను వద్దన్న బృందంలోని మనిషినే అడిగి, అతను చెప్పింది చేశాడు. ఈ లక్షణం ఎంతమంది నిపుణుల్లో ఉంది?

కాబట్టి ఏం చెయ్యాలంటారా? పాడేవాళ్లను అడగండి. ఒక్కరికి కోటి ఇచ్చే బదులు పదిమందికి తలా కొంత ఇవ్వండి, మొదటి ఆల్బమ్ ఆడినా ఆడకపోయినా రెండోదాని దాకా బతకనివ్వండి. ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, ఎవరు పంచాలి అంటే లేబుళ్ల అకౌంటెంట్లు తంటాలు పడతారు, జీతాలు అందుకేగా. జాబితాలు మానరని నాకూ తెలుసు. అయితే ప్రతి జనవరిలో కొత్త పేర్ల పక్కన పదేళ్ల కిందటి జాబితా కూడా వెయ్యండి, ఎవరేమయ్యారో ఎదురుగా రాసి. 2016 దాంతో మొదలుపెట్టండి.