ఇంట్లో రెండో మోడెం అవసరమా?



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి నన్నొక మాట అడిగారు. "మేడమ్, మా ఇద్దరు పిల్లోళ్లకీ రాత్రిపూట నెట్ చాలడం లేదు. ఉండే వైరుకే స్ప్లిట్టర్ వేసి ఇంకో మోడెం పెడితే సరిపోతాదని కేబుల్ అబ్బాయి చెప్తా ఉండాడు. పెట్టించేదా?"

వాళ్ల పాప ఆన్‌లైన్ హోంవర్క్ ఆ నెలలో మూడుసార్లు లేటైంది. లేటు అని రాసింది నేనే. కాబట్టి జవాబు చెప్పాల్సిందీ నేనే.

నేను చెప్పేది ఇంగ్లీషు సబ్జెక్టే అయినా, ఈ మోడెం పాఠం మా ఇంట్లోనే నేర్చుకున్నాను. 2021లో నేను బీఎడ్ చదువుతున్నప్పుడు కింద మేము, పైన పిన్ని వాళ్లు ఉండేవాళ్లం. ఇంట్లోకి వచ్చేది ఒకటే నల్ల కేబుల్ వైరు. టీవీ వెనక ఉన్న పాత స్ప్లిట్టర్‌కే ఇంకో స్ప్లిట్టర్ తగిలించి, పైన రెండో మోడెం పెట్టించాం. వారం తిరక్కుండా రెండు మోడెంలూ మాటిమాటికీ ఆగిపోవడం మొదలైంది. నా క్లాసూ పోయింది, పిన్ని కొడుకు పరీక్షా మధ్యలో ఆగింది.

ఒకే వైరు మీద రెండు మోడెంలు పనిచేయవని కాదు, పనిచేస్తాయి. ప్రతి మోడెంకూ తనదైన మ్యాక్ నంబరు ఉంటుంది. ఆపరేటర్ దాన్ని తన సిస్టంలో నమోదు చేసి, విడిగా ప్లాను ఇవ్వాలి. అంటే రెండో బిల్లు తప్పదు. ఇక స్ప్లిట్టర్ విషయం. రెండు దారుల స్ప్లిట్టర్‌లో ఒక్కో దారికి సుమారు 3.5 డెసిబెల్ సిగ్నల్ తగ్గుతుంది. అంటే సగం కూడా మిగలదు. దాని వెనక ఇంకోటి తగిలిస్తే పావు వంతు కూడా అందదు. కనెక్టర్లకు తుప్పు కూడా పట్టి ఉంటే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో పాతవన్నీ తీసేసి, వైరు లోపలికి వచ్చే చోట ఒకే మంచి స్ప్లిట్టర్ పెట్టాక రెండూ నిలబడ్డాయి.

అయినా సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా నెట్ నెమ్మదిగానే వచ్చేది. వీధిలో కేబుల్ లైను ఇళ్లన్నీ కలిసి వాడుకునేది. ఇంట్లో రెండో కుళాయి బిగించినంత మాత్రాన వీధి పైపులో నీళ్లు పెరగవు కదా! పైగా బయట వైరు తెగితే రెండు మోడెంలూ ఒకేసారి పోతాయి.

2020లో బడులు మూసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చాయి. ఎన్ని ఇళ్లలో చూసినా పక్కింటి వాళ్ల బొమ్మ ఆగలేదు, ఎందుకంటే ప్రసారం అందరికీ ఒకటే. ఇంటర్నెట్‌లో ఒక్కో ఇల్లు ఒక్కో వీడియో విడిగా అడుగుతుంది. అక్కడే ఇరుకు వస్తుంది.

"మాది కేబుల్ కాదు, ఫైబర్" అంటారా? 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, 149 రూపాయల నెల ప్లానుతో 15 ఎంబీపీఎస్ నెట్‌ను, టీవీని, ఫోనును ఒకే తీగ మీద మన ఇళ్లకు తెచ్చింది. ఫైబర్‌లో వేగం ఎక్కువే. కానీ అక్కడా ఒక లైనును కొన్ని ఇళ్లు పంచుకుంటాయి. ఇంట్లో మనంతట మనం చీల్చి రెండో పెట్టె తగిలించడం కుదరదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఒకే కుటుంబానికి అదే వైరు మీద రెండో మోడెం దండగ. ముందు ల్యాప్‌టాప్‌ను మోడెంకు వైరుతో కలిపి చూడండి. అక్కడ నెట్ బాగా వస్తే లోపం లైనులో లేదు, వైఫైలో ఉంది. మోడెంను టీవీ వెనక నుంచి, బీరువా పక్క నుంచి తీసి ఇంటి మధ్యలో పెట్టండి. పిల్లల గదికి ఒక ల్యాన్ వైరు లాగించండి. పనిలేని స్ప్లిట్టర్లు తీయించండి. అప్పటికీ చాలకపోతే ఉన్న ప్లానునే పెంచుకోండి. పైన వేరే కుటుంబం ఉండి, ఎవరి బిల్లు వారు కట్టుకుంటామంటే రెండో మోడెంకు అర్థముంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు నెట్ ఆగకూడదనుకుంటే, వేరే ఆపరేటర్ నుంచి వేరే దారిలో వచ్చే లైను తీసుకోవాలి.

ఇక మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. రాత్రి ఎనిమిదికి వీడియో లింకు పెట్టి, తొమ్మిదిన్నరకల్లా జవాబు పంపమనేది మేమే. వీధంతా నెట్ వాడే సమయానికే మేమూ పిల్లల్ని దాని ముందు కూర్చోబెడుతున్నాం. ఫీజులకే కిందామీదా పడే ఇంటికి ఇంకో నెలసరి బిల్లు చేర్చే హక్కు మాకు లేదు.

అందుకే నా తరగతుల వరకు ఒక మార్పు చేస్తున్నాను. హోంవర్క్ సాయంత్రం నాలుగున్నరకే యాప్‌లో ఉంటుంది. వీడియో ఉంటే డౌన్‌లోడ్ చేసుకునేలా పెడతాను, చూడటానికి రెండు రోజుల గడువిస్తాను. నెట్ రాకపోతే నోట్‌బుక్‌లో రాసి తెచ్చినా సమానమే. మిగతా టీచర్లూ ఇలా చేయాలని స్టాఫ్ మీటింగ్‌లో అడుగుతాను. మీరూ వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి.

ఆ పాప కార్డు మీద ఉన్న మూడు లేట్లనూ కొట్టేశాను. వాళ్లమ్మకు మాత్రం, "మోడెం వద్దమ్మా, ముందు ఒక ల్యాన్ వైరు కొనండి" అని చెప్పాను.