పిలుపు ఎవరిది?

సంచార జాతులను వెదుక్కుంటూ కొండలు దాటి వెళ్లిన మిషనరీని గూర్చి మనవాళ్లు రెండే రకాలుగా మాట్లాడతారు. ఒకరికి అతడు దైవం పిలుపు విని ఇల్లూ వాకిలీ వదులుకున్న త్యాగమూర్తి. మరొకరికి అమాయకులను మభ్యపెట్టి మతం మార్చిన మోసగాడు. వీరిద్దరూ బద్ధశత్రువుల్లా కనిపిస్తారు గాని, ఒక విషయంలో ఇద్దరిదీ ఒకే దారి. ఇద్దరి కథలోనూ ఎరుకలవాడికి, సుగాలివాడికి, చెంచువాడికి నోరు లేదు. అతని ఆత్మ ఎవరి సొత్తు అన్నదే వారి తగాదా. అతని నోటికాడి కూడు ఎవరు లాక్కున్నారన్న ప్రశ్న ఏ పక్షమూ వెయ్యదు. ఆ ప్రశ్న మనం వెయ్యాలి.

1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాన్నే తీసుకుందాం. పడమట నల్లమల, తూర్పున ఒంగోలు తీరం, నడుమ మెట్టభూములు. రైలుకు ముందు ఇటువంటి సీమల్లో సరుకు నడిచింది ఎద్దుల మీద, గాడిదల మీద. తీరం ఉప్పును లోపలికి, లోపలి ధాన్యాన్ని తీరానికి చేర్చినవారు ఎరుకలవారూ లంబాడీలూను. ఎరుకలవారిలో ఒక తెగకు ‘ఉప్పు ఎరుకలు’ అనే పేరే ఉంది. వారు తిరిగింది సోమరితనంవల్ల కాదు; తిరగడమే వారి వృత్తి. వారు రాకపోతే మెట్టపల్లెల్లో కూటికి ఉప్పు లేదు.

ఈ వృత్తిని చంపింది ఎవరు? ఉప్పు మీద కుంఫిణీ గుత్తాధిపత్యం, తర్వాత తెల్లదొరల పన్ను, ఆపైన రోడ్లు, రైళ్లు. బతుకుతెరువు పోయినవాడు ఊరి పొలిమేరలో నిలబడితే ప్రభుత్వం అతనికి పని చూపలేదు, పేరు పెట్టింది: నేరస్థ జాతి. ఉత్తరాదిన 1871లో వచ్చిన చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకే నేరమైంది. వేలిముద్రలు, రాత్రి హాజరు, కదలాలంటే చీటీ. తిరగడమే జీవనమైన వాడికి తిరగడమే నేరమని శాసించడంకంటె క్రూరమైన పరిహాసం ఏముంటుంది?

‘సేవకు పిలుపు’ సరిగ్గా ఈ ఘట్టంలోనే వినిపించింది. బాపట్ల దగ్గర 1910లలో వెలసిన సెటిల్‌మెంటుకు గవర్నరు కార్యవర్గ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేర స్టూవర్టుపురమని పేరు పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున బాడెన్ దొర నడిపాడు. సర్కారు పట్టి తెచ్చింది, మిషనరీ కాపలా కాసింది. స్టూవర్టుపురం జనం చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. ఇక్కడ పిలిచింది దేవుడు కాడు, పోలీసు శాఖ. ప్రార్థన గంటా, హాజరు గంటా ఒకే ఆవరణలో మోగాయి.

బడి పెట్టలేదా, మందు ఇవ్వలేదా అని కొందరు మిత్రులు అడుగుతారు. పెట్టారు, ఇచ్చారు. వ్యక్తిగా మిషనరీ దయగలవాడే కావచ్చు. ఐతే దయకు తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు విషయం. వదిలి వెళ్లే హక్కు లేనిచోట బడి కూడా బందిఖానాలో ఒక గదే.

మతమే దీనికంతటికీ మూలం అనేవారికీ జవాబు చెప్పాలి. అదే బాప్టిస్టు మిషన్‌కు చెందిన క్లౌ దొర 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆయన దగ్గరకు వచ్చిన మాదిగలు సంచారులు కారు, ఊరికి కట్టుబానిసలు. అక్కడ పిలిచింది ప్రజలే. తాళ్లకొండపాడు తోళ్ల వర్తకుడు ఎర్రగుంట్ల పేరయ్య తానే వెదుక్కుంటూ వచ్చాడు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డును తినం, అమ్మవారి ముందు డప్పు కొట్టం అన్న మాటలు పైకి మతనియమాలే. కరణం చెవికి మాత్రం అది వెట్టి మీద తిరుగుబాటు. అందుకే బావులు మూశారు, కొట్టారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల మేర తవ్వకం కంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. కూటికోసం మతమన్న నింద రాకుండా కరువుకాలంలో బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాతనే, 1878 జులై 3న, నల్లమలలో పుట్టి కంభం మీదుగా పారే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం పొందారు.

మిషన్ ఒకటే, బైబిలు ఒకటే. ఒంగోలులో అది పెత్తందారుకు ఎదురు నిలిచింది, కావలిలో పోలీసు పక్కన నిలిచింది. కనుక తేల్చేది మతగ్రంథం కాదు. పీడితుడు తన కాళ్లమీద నడిచి వచ్చాడా, సంకెళ్లతో తేబడ్డాడా అన్నదే తేలుస్తుంది.

ఆ సంకెళ్లను తెంచింది కూడా పిలుపులు కావు, పోరాటాలు. వెన్నెలకంటి రాఘవయ్య వంటివారి ఆందోళన ఫలితంగా మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది, ముద్ర పోలేదు. అలవాటు నేరస్థుల చట్టాలు దాని స్థానంలోకి వచ్చాయి. స్టూవర్టుపురం పేరు చెప్పి 1991లో ఒక సినిమా, 2023లో మరొకటి దొంగతనాన్ని కాసుల పంటగా మార్చాయి. కలం పట్టినవాళ్లం దీనికి సిగ్గుపడాలి.

ఇక మతమార్పిడి జరిగిందని గగ్గోలు పెట్టే పెద్దలను ఒక్కటి అడుగుదాం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగకు షెడ్యూల్డు కుల హోదా లేదు. వెట్టిమీద తిరగబడిన తాత నేరానికి మనవడు జరిమానా కడుతున్నాడు. దీనిమీద వారి నోరు పెగలదేం? 1983లో పులుల అభయారణ్యమైన నల్లమలలో చెంచుకు భూమి పట్టా కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఆ హక్కును గుర్తించింది. గూడేనికి గుడి కావాలా, చర్చి కావాలా అని తగువులాడే ఇద్దరూ ఆ పట్టా కాగితం పట్టుకుని కచేరీకి ఎందుకు నడవరు?

విద్యార్థులు, ఉపాధ్యాయులు ఈ పని నెత్తికెత్తుకోవాలి. కుల ధ్రువపత్రం, ఇంటిస్థలం, పట్టా, బడి అడుగుతూ గూడెం ఇన్నాళ్లుగా పిలుస్తూనే ఉంది. ఆకాశంలోంచి వచ్చే పిలుపుకోసం చెవులు రిక్కించినవాళ్లకు ఈ నేలమీది పిలుపు వినపడలేదు. మనకు వినపడాలి. ఐతే ఉద్ధారకులుగా కాదు. ఆ జనం ముందు నడుస్తూ ఉంటే పక్కన నడిచేవారిగా వెళ్లాలి.