జనవరిలో వడి, జూలైలో నిదానం

పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాల కర్మాగారాలలో పనిచేసే సోదరులకు మధ్యాహ్న విరామం ఎంతో విలువైనది. భోజనం, వుజూ, జుహ్ర్ నమాజు ఆ కొద్ది నిమిషాలలోనే పూర్తి కావాలి. అందువల్ల గడియారంలో పన్నెండు దాటగానే జుహ్ర్ వేళ ప్రవేశించినట్లేనని కొందరు భావిస్తుంటారు. అయితే మస్జిద్ గోడమీది వేళల పట్టికను నెలనెలా గమనించేవారికి తెలుసు, జవాల్ సమయం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. పటాన్‌చెరులో సూర్యుడు ఆ రోజుకు అత్యంత ఎత్తుకు చేరే సమయం నవంబరు మొదటి వారంలో సుమారు 12 గంటల 1 నిమిషం. అదే ఫిబ్రవరి రెండవ వారంలో సుమారు 12 గంటల 31 నిమిషాలు. ఈ అరగంట తేడాకు గల కారణాలలో ఒకటి భూమి నడకలో ఉంది. సూర్యునికి దగ్గరైనప్పుడు భూమి వడిగా, దూరమైనప్పుడు నిదానంగా సాగుతుంది.

దూరానికీ వేగానికీ సంబంధం

ముందుగా గ్రహాలన్నింటినీ చూద్దాం. సూర్యునికి అతి చేరువలోని బుధుడు సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తి, 88 రోజులలో ఒక ప్రదక్షిణ ముగిస్తాడు. భూమి వేగం సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు. మన పటాన్‌చెరు మీదుగా సాగే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును ఆ వేగంతో చుట్టిరావడానికి అయిదారు సెకన్లు చాలు! అంగారకుని వేగం 24 కిలోమీటర్లు, గురునిది 13, శనిది 10కి కొంచెం తక్కువ. శని ఒక్క చుట్టు పూర్తి చేయడానికి 29 ఏళ్లకు పైగా పడుతుంది.

దూరపు గ్రహానికి దారి పొడవు గనుక ఎక్కువ కాలం పడుతుందని పిల్లలు అనుకుంటారు. అది సగం నిజమే. దారి పొడవుతో పాటు నడక కూడా మందగిస్తుంది. ఒక గ్రహం మరో గ్రహం కంటే నాలుగు రెట్లు దూరంలో ఉంటే దాని దారి నాలుగు రెట్లు, వేగం సగం. కాబట్టి ప్రదక్షిణ కాలం ఎనిమిది రెట్లు అవుతుంది. జర్మనీ ఖగోళవేత్త కెప్లర్ ఈ నియమాన్ని 1619లో ప్రకటించాడు.

దీనికి మూలం సూర్యుని ఆకర్షణ. దగ్గర ఆ లాగుడు బలమైనది. అక్కడ నిదానంగా కదిలే వస్తువు సూర్యుని వైపు జారిపోతుంది. దూరాన లాగుడు బలహీనం. అక్కడ మితిమీరిన వేగంతో సాగే వస్తువు చేయి దాటిపోతుంది. ప్రతి దూరానికీ దానికి తగిన వేగం ఉంది.

భూమి కథ

భూమి దారి కచ్చితమైన వృత్తం కాదు, కొద్దిగా సాగిన అండాకారం. జనవరి తొలి రోజులలో సూర్యునికి దూరం సుమారు 14.71 కోట్ల కిలోమీటర్లు, వేగం సెకనుకు 30.3 కిలోమీటర్లు. జూలై తొలి రోజులలో దూరం సుమారు 15.21 కోట్లు, వేగం 29.3. మనం దుప్పట్లు కప్పుకునే జనవరిలోనే సూర్యుడు మరింత దగ్గర! ఎండకూ చలికీ కారణం ఈ దూరం కాదు, భూమి అక్షం వంపు.

ఈ వేగభేదం క్యాలెండరులోనే కనబడుతుంది. రాత్రింబగళ్లు దాదాపు సమానమయ్యే మార్చి 20 ప్రాంతం నుండి సెప్టెంబరు 22, 23 వరకు సుమారు 186 రోజులు. అక్కడి నుండి తిరిగి మార్చి వరకు 179 రోజులే. శీతకాలపు సగాన్ని భూమి వారం రోజులు ముందుగా దాటేస్తుంది.

జవాల్ ఎందుకు జరుగుతుంది?

ఒక మధ్యాహ్నం నుండి మరో మధ్యాహ్నానికి భూమి తన చుట్టూ తాను ఒక పూర్తి చుట్టుకంటే మరికొంచెం ఎక్కువ తిరగాలి. ఎందుకంటే ఈలోగా అది తన దారిలో ముందుకు జరిగి ఉంటుంది. వడిగా జరిగిన రోజులలో ఆ అదనపు తిరుగుడు పెరుగుతుంది. దీనికి అక్షం వంపు కూడా తోడై, డిసెంబరు చివరలో మధ్యాహ్నం రోజుకు దాదాపు అర నిమిషం చొప్పున వెనక్కి జరుగుతుంది. పైగా మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తాయి. పటాన్‌చెరు దానికి పడమరన ఉన్నందున ఇక్కడి సగటు మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాలకు వస్తుంది.

సూర్యుని నడకలోని ఈ హెచ్చుతగ్గులు ముస్లిం ఖగోళవేత్తలకు ఏనాడో తెలుసు. 14వ శతాబ్దంలో డమాస్కస్ ఉమయ్యద్ మస్జిద్‌లో నమాజు వేళలు నిర్ణయించే మువఖ్ఖిత్‌గా పనిచేసిన ఇబ్నె షాతిర్, సూర్యచంద్రుల గమనానికి కొత్త లెక్కలు రూపొందించారు. 

కనుక ఫిబ్రవరిలో పన్నెండుంపావుకు విరామం దొరికిన సోదరుడు ముందు భోజనం ముగించి, జవాల్ గడిచాక నమాజు చేయాలి. నవంబరులో అదే పన్నెండుంపావుకు వేళ ప్రవేశించి ఉంటుంది. పట్టికను ఊహతో కాక, ఆ నెలకు, ఆ ఊరికి సరిచూసుకోవాలి.

ఇంట్లో పిల్లలకు ఇలా చూపించండి. ఖాళీ పెన్ను గొట్టంలోంచి దారం పోనిచ్చి, పై కొసకు రబ్బరు ముక్క కట్టి తలపై గిరగిర తిప్పండి. కింది కొసను లాగి దారం కురచ చేస్తే రబ్బరు వడి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. పుస్తకంలో చదివినది కంటితో చూసిన బిడ్డ దానిని మరచిపోడు.