ఎలుక చచ్చిందని కోడిని కోస్తారా?

పాలు, గుడ్డు, మాంసం మానేసిన మనిషి బంతిలో కూర్చోగానే ఎవరో ఒకరు అడుగుతారు: "నువ్వు తినే అన్నం కోసం ఎన్ని ఎలుకలు చచ్చాయో తెలుసా?" దాంతో వాదన ముగిసిపోయినట్టే. చంపడం ఎలాగూ తప్పదు కాబట్టి కోడిపలావు తిన్నా తప్పులేదని తేల్చేస్తారు. చదువుకున్నవాళ్లు సైతం దీన్ని తిరుగులేని మాటలా వాడుతున్నారు. అది లెక్క తప్పిన మాట.

ఎలుకలు చస్తున్నాయన్నది మాత్రం నిజం. గోదావరి డెల్టాలో వరి పొట్టదశకు రాకముందే 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి, చిన్న పొట్లాలు కట్టి, గట్ల మీది కలుగుల్లో పెడతారు. తిన్న ఎలుక వెంటనే చావదు. నెత్తురు గడ్డకట్టే గుణం పోయి, లోలోపల కారి కారి, కొన్ని రోజులకు చస్తుంది. దాన్ని తిన్న గుడ్లగూబకూ ఆ విషం ఎక్కుతుంది. మొక్కజొన్న చేల చుట్టూ అడవిపందుల కోసం లాగిన కరెంటు తీగలకు మనుషులు కూడా బలవుతున్నారు. తన కంచంలో హింసే లేదనుకునే శాకాహారి ఇవన్నీ చూసి తీరాలి.

అయితే ఆ మొక్కజొన్న ఎవరికోసం పండుతోంది? మన దేశంలో దాని పంటలో పెద్ద వాటా కోళ్ల దాణాకే పోతుంది. సోయా చెక్కదీ అదే దారి. బ్రాయిలర్ కోడి కిలో బరువు పెరగడానికి దాదాపు కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా తింటుంది. ఆ కిలోలోనూ ఈకలు, పేగులు, ఎముకలు పోగా మిగిలిందే కూర. అంటే కోడిని తినేవాళ్ల ఖాతాలో కోడి ఒక్కటే లేదు. దాణా పండిన చేలో చచ్చిన ఎలుకలు, పందులు, కత్తెర పురుగు మందుకు పోయిన సమస్త జీవాలూ ఉన్నాయి. చేలల్లో చావులు నిజంగా బాధిస్తే ముందు తగ్గాల్సింది దాణా పంట.

అమెరికాలోనూ ఇదే వాదన వచ్చింది. పచ్చిక మేసే పశువుల మాంసం కలిపి తింటే మొత్తం మీద తక్కువ జీవాలు చస్తాయని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన స్టీవెన్ డేవిస్ 2003లో రాశాడు. ఎకరానికి ఎన్ని చస్తాయో చూశాడు గానీ, ఆ ఎకరం ఎందరి కడుపు నింపుతుందో చూడలేదు. అదే ఏడాది గావరిక్ మాథెనీ అనే పరిశోధకుడు ఆ లోపాన్ని పట్టుకున్నాడు. అంతే తిండి రావాలంటే పచ్చికకు ఎన్నో రెట్లు ఎక్కువ నేల కావాలి.

నేను గౌరవించే అభ్యంతరం ఒకటుంది, గొర్రెల మందది. కోతైన మళ్లలో, బీళ్లలో గొల్లకురుమలు తిప్పుకునే మంద కోసం ఎవరూ వేరే పంట వేయరు. ఆ మాంసం వెనక ఎలుకల చావులు లేవంటే ఒప్పుకుంటాను. కానీ మన దేశంలో ఉత్పత్తయ్యే మాంసంలో దాదాపు సగం కోడిదే. మందను చూపించి ఫారంకోడిని వెనకేసుకు రావడం న్యాయం కాదు.

పైగా పొలంలో చావులు తగ్గించే దారులున్నాయి. ఊరంతా ఒకేసారి నాట్లు వేయడం, గట్లు సన్నగా ఉంచడం, గుడ్లగూబలు వాలడానికి టి ఆకారపు కర్రలు పాతడం వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏనాటి నుంచో చెబుతున్నవే. విషం వాడకం వీటితో తగ్గుతుంది. కోడిని చంపకుండా కోడికూర వండే దారి మాత్రం లేదు. బంతిలో ఎలుకల గురించి అంత ఆవేదనపడేవాళ్లు ఒక్క పొలంలోనైనా ఆ కర్రలు పాతించమని అడగగా నేను వినలేదు.