కనిపించని నొప్పి – కనికరించని రోస్టరు

మా సార్టింగ్ ఆఫీసులో ఇరువది ఏండ్లకు పైగా పనిచేయుచున్న ఒక సోదరి మూడేండ్లుగా ఒళ్ళంతా నొప్పులతో బాధపడుచున్నారు. మెడ, భుజములు, నడుము, పిక్కలు – నేడొకచోట, రేపు మరొకచోట. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. రక్తపరీక్షలు చేసి బాగున్నవన్నారు. ఫిట్ సర్టిఫికేటు చేతికిచ్చి డ్యూటీకి పంపినారు. పని ఎగవేయుటకు నాటకమని తోటివారు కొందరన్నారు. ఆ మాట అన్నవారిలో మన సంఘ సభ్యులు కూడ ఉన్నారని చెప్పుటకు సిగ్గుగా ఉన్నది.

తుదకు ఒక కీళ్ళవ్యాధుల నిపుణుడు ఆ వ్యాధికి పేరు చెప్పినారు: ఫైబ్రోమయాల్జియా. ఇది కీళ్ళు అరిగి వచ్చునది కాదు. నొప్పిని గ్రహించు నాడీమండలము అతిగా స్పందించుటచే సామాన్యమైన తాకిడి సయితము బాధగా పరిణమించును. నిద్ర లేచినను అలసట తీరదు, ఏకాగ్రత మందగించును. 1990లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ప్రకటించిన ప్రమాణముల ప్రకారము దేహముపై 18 స్థానములను నొక్కి, 11 చోట్ల నొప్పి ఉన్నచో వ్యాధిని నిర్ధారించెడివారు. 2010 నాటి ప్రమాణములు ఆ పద్ధతిని విడిచి, నొప్పి ఎన్ని భాగములకు వ్యాపించినదో, నిద్ర, అలసట ఎట్లున్నవో రోగినే అడుగుమన్నవి. అనగా రోగి మాటయే ముఖ్య సాక్ష్యము. ఉద్యోగి మాటను నమ్ము అలవాటు లేని కార్యాలయములలో దీని కష్టమెంతో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. థైరాయిడ్ లోపము, డి విటమిన్ లోపము కూడ ఇట్టి నొప్పులు కలిగించగలవు కనుక వాటిని ముందుగా పరీక్ష చేయించుకొనవలెను.

సమూలముగా నయము చేయు మందు లేదు. నొప్పి తగ్గిన రోజున పేరుకున్న పనులన్నీ ఒక్కసారిగా ముగించి, తరువాత మూడు రోజులు మంచము పట్టుట ఈ రోగులు తొలుత చేయు పొరపాటు. ఆమెయు అట్లే చేసినారు. ఇప్పుడు బట్టలు ఉతుకుట ఒకపూట, ఇల్లు చిమ్ముట మరొకపూట; మంచి రోజైనను చెడ్డ రోజైనను పని ఒకే మోతాదు. ఐదు నిమిషముల నడకతో ఆరంభించి, వారములు గడచినకొద్దీ ఇరువది నిమిషములకు పెంచుకొన్నారు. 2016లో యూరోపు కీళ్ళవ్యాధుల నిపుణుల సమాఖ్య సవరించిన సిఫారసులలో గట్టిగా చెప్పినది వ్యాయామమొక్కటే. మందులు కొందరికి కొంత మేలు చేయును. దుకాణములో నొప్పి మాత్రలు కొని రోజూ మ్రింగుట వలన ఫలితము స్వల్పము. కడుపునకు, మూత్రపిండములకు చేటు.

ప్రతిదినము ఒకే వేళకు నిద్రించి ఒకే వేళకు లేవవలెనని వైద్యుల సలహా. ఇక్కడనే వచ్చినది చిక్కు. ఒక వారము డే సెట్, ఒక వారము నైట్ సెట్ చేయు ఉద్యోగికి, కాల్ ఎప్పుడు వచ్చునో తెలియని రన్నింగ్ సిబ్బందికి ఒకే వేళ ఎక్కడిది? ఒత్తిడి తగ్గించుకొనుమని ఒక డాక్టరుగారు సెలవిచ్చినారట, ఒత్తిడిని ఆమె అంగడిలో కొని తెచ్చుకొన్నట్లు! వ్యాధిని అదుపులో ఉంచుకొను నేర్పును రోగి అలవరచుకొనవలసినదే. కాని అందులో సగము డ్యూటీ చార్టు వ్రాయువారి చేతిలో ఉన్నది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొన్నది. అందు ఈ వ్యాధి పేరు లేదు. సగము జీతపు సెలవు ఏడాదికి 20 రోజులు. మెడికల్ సర్టిఫికేటుపై పూర్తి జీతమునకు మార్చుకొన్నచో 10 రోజులే. గ్రామీణ డాక్ సేవకులకు అదియును లేదు.

మన శాఖలు అధికారులతో చర్చలలో అడుగవలసినవి గొంతెమ్మ కోర్కెలేమీ కావు. నిపుణుడు నిర్ధారించిన ఉద్యోగికి స్థిరమైన షిఫ్టు, సార్టింగ్ కేసు వద్ద తగిన ఆసనము, బ్యాగులు ఎత్తుట నుండి మినహాయింపు. ఒకరికిచ్చిన అందరూ అడుగుదురని అధికారులు అనవచ్చును. నిద్రలేని ఉద్యోగి తప్పు గడిలో వేసిన ఉత్తరములు ఊళ్ళు తిరిగి వచ్చుటకగు ఖర్చును వారెన్నడూ లెక్కవేయలేదు.

ప్రస్తుతము ఆ సోదరి నైట్ సెట్‌ను ఒక సహోద్యోగి పరస్పర అంగీకారముపై తాము చేయుచున్నారు. ఏడు నెలలుగా ఆమె సిక్ లీవు పెట్టలేదు. ఆ సహోద్యోగి వచ్చే ఏప్రిల్‌లో పదవీ విరమణ చేయనున్నారు.