పొయ్యిలో కట్టె

మా మేనల్లుడు అమెరికాలో, మిల్వాకీలో, ఇంట్లోనే బీరు కాచుకుంటాడు. పాఠకులు ముక్కుమీద వేలు వేసుకోనక్కరలేదు. మనదగ్గర అనుమతి లేకుండా కాస్తే ఎక్సైజువారు తలుపు తడతారు గాని, అక్కడ 1978లో చేసిన చట్టం ఇంటి వాడకానికి కాచుకునేవాణ్ణి సుంకం లేకుండా వదిలేసింది. నేను ఆ చుక్క ముట్టేవాణ్ణి కాను. అయినా మొన్న వాడు ఫోనులో బొమ్మలు చూపించి, "మామయ్యా, ఈ రెండు పెట్టెల్లో ఏది కొనమంటారు?" అన్నాడు. తెలుగు పంతుల్ని అడగవలసిన ప్రశ్నేనా ఇది!

వాడి పాత్రలో 5,500 వాట్ల హీటరు కడ్డీ ఉంది. 240 వోల్టుల మీద సుమారు 23 ఆంపియర్లు లాగుతుంది. ఒక పెట్టె, చెప్పిన డిగ్రీల దగ్గర వేడిని నిలబెడుతుంది. రెండోది డిగ్రీలు ఎరగదు. మీట తిప్పితే మంట పెంచుతుంది, తగ్గిస్తుంది.

"అసలు ఎలా కాస్తావురా?" అన్నాను.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మరపట్టి, 65 నుంచి 68 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచాలిట. ఆ వేడిలోనే గింజలోని పిండి చక్కెరవుతుంది. 78కి పోనిస్తే ఆ పని ఆగిపోతుంది. తరవాత ఆ రసాన్ని హాప్స్ పువ్వులతో గంట మరిగించాలి.

"అయితే రెండూ కావాలి. నానేటప్పుడు డిగ్రీలు చూడాలి. మరిగేటప్పుడు చూసి ఏం లాభం? మెల్లిగా కుతకుతమన్నా, తెర్లి పొంగిపోయినా ధర్మామీటరు నూరే అంటుంది. అప్పుడు కావలసింది మంట పాళ్లు. పది సెకన్లలో ఆరు సెకన్లు కరెంటిస్తే నూటికి అరవై పాళ్లు. రెండు పనులూ చేసే పెట్టె చూడు" అన్నాను.

వాడు సంబరపడి, నవ్వుతూ ఇంకోమాట చెప్పాడు. పోయిన నెల పాత పెట్టెలో అంకె సున్నాకి తిప్పి, పిల్లవాణ్ణి బడినుంచి తేవడానికి వెళ్లాడట. వచ్చేసరికి పాత్ర ఇంకా మరుగుతూనే ఉందట. ఇంట్లో మా చెల్లెలు ఒక్కతే ఉంది. నాకు నవ్వు రాలేదు.

తప్పు కరెంటును తెంచి కలిపే సాలిడ్ స్టేట్ రిలేది. అన్ని ఆంపియర్లు పారితే అదే ముప్పై వాట్ల దాకా వేడి కక్కుతుంది. దానికి సరిపడా అల్యూమినియం రెక్కలు లేకపోతే మాడుతుంది. మాడిందా, తరచు తెంచకుండా, కలిపేసే పోతుంది! పైగా అక్కడి 240 వోల్టుల్లో రెండు తీగల్లోనూ కరెంటే. రిలే ఒక్కటి తెంచేది ఒక్క తీగనే.

"ఒరే, మా అమ్మ పొయ్యిమీద పాలు పొంగితే కట్టె బయటికి లాగేది. నీ పొయ్యిలో లాగడానికి కట్టె ఏదిరా?" అన్నాను.

వాడు కాసేపు మాట్లాడలేదు.

పెట్టె బేరం తరవాత. రెండు తీగల్నీ ఒకేసారి తెంచే కాంటాక్టరు, దానికి చేతికందే మీట, కరెంటు లీకైతే పడిపోయే బ్రేకరు ముందు. అవి కూడా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పెట్టించమన్నాను.

నిన్న మళ్లీ ఫోను. గోడమీద ఎర్రమీట చూపించాడు. వెనకనుంచి మా చెల్లెలు తొంగిచూసి, "అన్నయ్యా, మొదట నొక్కి చూసింది నేనే" అంది.