బస్తర్‌కు గంట దూరం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ నుంచి బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్‌కు ఆకాశమార్గాన దూరం సుమారు 235 కిలోమీటర్లు. విమానానికి గంట చాలు. రోడ్డున 300 కిలోమీటర్లు. కేశ్‌కాల్ కనుమ మలుపులు దాటి బస్సు చేరేసరికి ఆరేడు గంటలు గడుస్తాయి.

2018 జూన్ 14న ప్రధాని నరేంద్ర మోదీ భిలాయ్ నుంచి ప్రారంభించిన ‘ఉడాన్’ సర్వీసు కొద్దికాలానికే ఆగిపోయింది. తిరిగి 2020 సెప్టెంబరులో అలయన్స్ ఎయిర్ విమానం హైదరాబాద్, జగదల్‌పూర్, రాయపూర్‌లను కలిపింది. ‘ఉడాన్’ కింద సీట్లలో కొన్నింటికే చార్జీ పరిమితి వర్తిస్తుంది. నష్టాల భర్తీ మూడేళ్లకే పరిమితం. గడువు తీరాక చిన్న పట్టణానికి విమానం నడపడం సంస్థలకు భారమే. అత్యవసర వైద్యానికి రాయపూర్ వెళ్లవలసిన రోగికి దూరం కన్నా ఈ అనిశ్చితే పెద్ద సమస్య.

విచిత్రమేమంటే బైలదిల్లా ఇనుప ఖనిజానికి ఈ బాధ లేదు. దానిని విశాఖ రేవుకు చేర్చేందుకు కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని 1960వ దశకంలోనే నిర్మించారు. జగదల్‌పూర్ ఆ మార్గంలోనిదే. సొంత రాజధానికి మాత్రం అక్కడి ప్రయాణికుడు రైల్లో ఒడిశా చుట్టి రావలసి వచ్చింది. రావ్‌ఘాట్ మీదుగా దగ్గరి దారిలో తలపెట్టిన లైను దశాబ్దాల తరబడి ప్రతిపాదనల్లోనే నలిగింది.